బంగారు ఆకాశం కింద మీసం లేని మనిషి

పోయిన ఆదివారం పూజ ముగిశాక మా మేనకోడలు నన్ను కారెక్కించుకొని అబూదబీలో సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద మ్యూజియానికి తీసుకుపోయింది. వచ్చే నెలతో నా వీసా ముగుస్తుంది, కంపెనీ వారు టికెట్టు కూడా తీసేశారు, ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండి మామయ్య ముసఫ్ఫా గ్యారేజీలూ ఐకాడ్ ఫ్యాక్టరీ గోడలూ తప్ప ఏమీ చూడకుండానే ఇంటికి పోతున్నాడని దాని బాధ. ఇళ్ళకూ ఆఫీసులకూ లోపలి అలంకరణలు చేసే కంపెనీలో దాని ఉద్యోగం, బొమ్మలు బాగా వేస్తుంది, ఆ మ్యూజియంలో ఏ గదిలో ఏముందో కళ్ళు మూసుకొని చెప్పగలదు. చల్లటి గదులు నాలుగైదు దాటించి, ఆరేడు వందల ఏళ్ళ నాడు ఇటలీ దేశపు గుడిలో ఉండేదంటున్న చెక్క పలక ఒకదాని ముందు నన్ను నిలబెట్టి, ఇది నీ కోసమే మామయ్యా అని పక్కకు తప్పుకుంది.

పలక నిండా బంగారం. నడుమ మరియమాత, ఒడిలో బాలుడు, రెండు వైపులా రెక్కలున్న సన్మనస్కులు, అందరివీ పెద్ద పెద్ద కళ్ళు, ఎవరికీ నీడ లేదు. అడుగున ఎడమ మూలలో, మాత కొంగు అంచు కింద, జానెడైనా లేని మనిషి ఒకడు మోకాళ్ళ మీద చేతులు జోడించుకొని ఉన్నాడు. ఆ బొమ్మ వేయించిన దాత అతడేనట, పేరు ఎవరికీ తెలియదట. మా వెనుక నిలబడ్డ తెలుగు కుటుంబంలోని ఒకాయన, అప్పట్లో వీళ్ళకి మనుషుల్ని గీయడం సరిగా రాదు, పక్క గదిలోవి చూడు, ఫోటోల్లా ఉంటాయి అని భార్యకు చెబుతున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరూ అన్నాడు, పాపసంకీర్తనలో ఫాదర్ గారూ అన్నారు. కానీ ఈ కోపానికి నాలుగేళ్ళ వయసుంది, అది నా మాట వినదు.

గీయడం రాకపోవడమా! చాప మీద కూర్చుని జ్ఞానోపదేశం నేర్చుకున్న నా తరం వాళ్ళకు ఈ సంగతి చెబితే అర్థమవుతుంది. మా పెదనాన్న గుంటూరు జిల్లాలో మా విచారణకు, అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే ఊళ్ళకు, ఉపదేశి, ఫాదర్ గారు రాని వారాల్లో ప్రార్థన నడిపేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ ఆయనే, ఈస్టరుకు ముందు తపస్సు కాలం వచ్చిందంటే ఊరేగింపు గుడ్డల మీద ప్రభువు సిలువ పాటుల బొమ్మలు వేసేదీ ఆయనే. ఆ విద్య ఆయనకు ఒక ముసలి విదేశీ గురువు నేర్పాడు, ఆ గురువుకు ఆయన దేశంలో పాత గుడి గోడలు నేర్పాయి. కాబట్టి మా పెదనాన్న చేతిలో ఉన్నవి ఆయన సొంత పద్ధతులు కావు, దేవుణ్ణి తప్ప మరొకరిని మెప్పించే అవసరం లేని కాలపు పద్ధతులు. ఆకాశం నీలంగా వేయకూడదు, ఎండ కాసే, వాన కురిసే ఆకాశం అది, దేవుడుండే చోట పగలూ లేదు రాత్రీ లేదు గనుక అక్కడ బంగారం ఒక్కటే రంగు. బంగారం ఎక్కడిది మాకు, పసుపు పచ్చ రంగు మీద వార్నీషు పూసేవాడు, దివిటీల వెలుగులో అదే బంగారమయ్యేది. నీడలు వేయకూడదు, నీడ సూర్యుడి వల్ల పుట్టేది, సూర్యుణ్ణి పుట్టించినవాడి ఎదుట నీడకు చోటెక్కడిది. బాలయేసు ముఖం పసివాడి ముఖం కాకూడదు, లోకం కంటే ముందున్నవాడు ఎత్తుకున్నంత మాత్రాన పసివాడైపోతాడా. ఎవరు గొప్పవారో వారే పెద్దగా ఉండాలి, దూరంగా ఉన్నా దగ్గరగా ఉన్నా ప్రభువే అందరి కంటే పెద్ద. గుడ్డకు డబ్బిచ్చిన ఆసామి జానెడుకు మించకూడదు, మోకాళ్ళ మీద ఉండాలి, అతని ముఖం అతనిలా ఉండకూడదు, అందరి ముఖాల్లాంటి ముఖమే ఉండాలి, దేవుడు గుర్తుపడితే చాలు, ఊరు గుర్తుపట్టనక్కరలేదు. ముఖాలు వేసే రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. చివర సంతకం పెట్టేవాడు కాదు.

నేను ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు రంగులు నూరాను. ఆ తరువాత పొట్టకూటికి సైన్‌బోర్డులు రాశాను, ఆ పని మీదే ముసఫ్ఫాకు వచ్చాను, చదవడం రాని అరబ్బీ అక్షరాలను అచ్చు గుద్దినట్టు దించడం నేర్చుకున్నాను. నన్ను ఇక్కడికి తెచ్చింది మా బావ, చెల్లెలి భర్త. ఆయనకు ముసఫ్ఫాలో అల్యూమినియం తలుపులూ కిటికీలూ చేసే షెడ్డు ఉంది, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో విల్లా ఉంది, గుడిలో మా తెలుగు సమూహానికి ఏ ఖర్చు వచ్చినా ముందు ఆయన చెయ్యే లేస్తుంది. అన్నం పెట్టిన చెయ్యి గురించి రాస్తున్నానని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

కోవిడ్ వచ్చిన ఏడాది మా లేబర్ క్యాంపు గేటుకు తాళం వేశారు. గదిలో ఆరుగురం. అందులో ఒకడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన వెల్డరు, గుడిలో పాటల మేళంలో నాకు ముందు వరుసలో నిలబడి పాడేవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను తమ్ముడూ అనేవాణ్ణి, ఇప్పుడూ ఆ పేరే రాస్తాను. మనిషి సన్నం, గొంతు లావు, మీసం మరీ లావు. బస్సు ఎక్కే ముందు అందరూ టోపీలు, అద్దాలు వెతుక్కుంటుంటే వాడు దువ్వెనతో మీసం సర్దుకునేవాడు. మాస్కు సరిగా కూర్చోవడం లేదు, గీయించుకో అని సేఫ్టీ ఆఫీసరు అంటే, సార్ నౌకరీ తీసుకో మీసం అడగకు అన్నాడట, నాలుగు రోజులు ఐకాడ్ అంతా అదే నవ్వు. ఇంకొకడు రాయచోటి భాయ్, ఎలక్ట్రీషియన్, ఐదు పూటల నమాజూ తప్పేవాడు కాదు, నా జపమాల మంచం కింద పడితే తీసి కళ్ళకద్దుకొని నా తలగడ మీద పెట్టేవాడు.

పనిలేదు, గుడి లేదు, దివ్యబలి పూజ ఫోనులో చూడటం, తెర మీద ఫాదర్ గారు అప్పం ఎత్తుతుంటే మంచాల మీద నుంచి లేచి మోకరిల్లడం. ఆ రోజుల్లోనే నేను మెట్ల కింద ఉన్న ప్లైవుడ్ పలకను చూశాను. ఏదో యంత్రం వచ్చిన పెట్టె మూత, ఎనిమిదడుగుల పొడవు. మా గుడిలో ప్రతి క్రిస్మస్‌కూ ఒక్కో భాష వాళ్ళు ఆవరణలో తమ తమ పశువుల పాక కట్టుకుంటారు, మలయాళీల పాకలో జలపాతం ఉంటుంది, ఫిలిప్పీనో వాళ్ళ పాకలో నక్షత్రాలు తిరుగుతాయి, మన తెలుగువాళ్ళ పాకకు వెనుక తెర కూడా ఉండదు, ఒక నీలం దుప్పటి. ఈసారి వెనుక ఈ పలక ఉంటుంది, పెదనాన్న పద్ధతిలో ఉంటుంది అని మొక్కుకున్నాను.

రంగులున్నాయి, బంగారం లేదు. రంజాను నెలలో క్యాంపుకు పొద్దుగూకే వేళ భోజనం పెట్టెలు వచ్చేవి, వాటితో ఖర్జూరం పెట్టెలు, ఆ పెట్టెల లోపల బంగారు రంగు కాగితం. భాయ్ మూడు బ్లాకులు తిరిగి ఆ కాగితాలన్నీ పోగు చేసి, చేత్తో సాపు చేసి, నా మంచం మీద పెట్టాడు. నేను మొహమాటపడుతుంటే అన్నాడు:

"ముఖాలు నీ యిష్టం పెద్దాయనా, నేను ఆ పక్క చూడను. ఆకాశానికి మాత్రం నేనిస్తా. ఆకాశం అందరిదీ గదా."

ఆ మాట నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. మైదా జిగురుతో కాగితం ముక్క పక్కన ముక్క అతికించుకుంటూ పోయాను, తమ్ముడు పక్కన కూర్చుని గుడ్డతో ముడతలు లాగేవాడు, పాడేవాడు, పెన్సిలు గీతల్లోని మాతను చూసి, మాతకు ఇంత పెద్ద కళ్ళేందే నిద్ర పట్టదా అని ఎగతాళి చేసేవాడు. ఒక రోజు ఉన్నట్టుండి అడిగాడు:

"అన్న, గా గొల్లోల్ల పక్కకు నాకింత జాగ ఇయ్యరాదే. నీ దేవునికేం తక్కువైతది?"

ఇస్తాన్లేరా అన్నాను.

"మీసం మాత్రం మరువకు. మా ఇంటామె మీసం జూసే గుర్తువడ్తది."

సరే అన్నాను. నవ్వుతూ అన్నాను, కానీ అన్నాను. ఈ కథంతా ఆ ఒక్క సరే దగ్గరే ఉంది.

పది రోజులకు వాడికి జ్వరం వచ్చింది. తెల్ల దుస్తులు తొడుక్కున్నవాళ్ళు వచ్చి బస్సులో ఎక్కించుకుపోయారు, బస్సు మెట్టు మీద వెనక్కి తిరిగి మాస్కు కిందకు లాగి, మీసం మీద వేలు పెట్టి చూపించాడు నాకు, గుర్తుందిగా అన్నట్టు. మళ్ళీ చూడలేదు. ఇక్కడి మట్టిలోనే పెట్టారు, మాలో ఎవరినీ పోనివ్వలేదు, వాడి భార్యకు ఫోను చేసి చెప్పింది నేనే. నాకంటే చిన్నవాడి భార్య గనుక మరదలు అనాలి, మరదలా అని పిలిచి ఆ వార్త చెప్పాను.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను. ముఖాలు వేసే రోజు వచ్చింది. పెదనాన్న చెప్పినట్టు ఉపవాసం ఉన్నాను. మాత ముఖం వేశాను, బాలుడి ముఖం వేశాను, సన్మనస్కులకూ, ముగ్గురు రాజులకూ వేశాను, చివరికి ఎడమ మూలన జానెడు మనిషిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. అది తమ్ముడే. కుంచె మీసం దగ్గరికి వచ్చి ఆగింది. అతని ముఖం అతనిలా ఉండకూడదు. దేవుడు గుర్తుపడితే చాలు. ఎనిమిదేళ్ళు రంగులు నూరినప్పుడు చెవుల్లో పడ్డ మాట అది, నా చేతిని ఆ మాటే పట్టుకుంది. అందరి ముఖాల్లాంటి ముఖమే వేశాను, పెద్ద కళ్ళు, సన్నటి ముక్కు, నున్నటి పెదవి. పద్ధతి నిలబెట్టానని ఆ సాయంత్రం తృప్తిగా గంజి తాగాను. నాకు నా మీద అసహ్యం వేసే సంగతుల్లో ఆ గంజి ఒకటి.

ఆ క్రిస్మస్‌కు గుడి ఆవరణలో గుంపులు లేవు, పలక క్యాంపులోనే ఉండిపోయింది. తరువాతి క్రిస్మస్‌కు బావ పికప్ పంపించి తన షెడ్డుకు తెప్పించాడు, చుట్టూ అల్యూమినియం ఫ్రేము కట్టించాడు. చూసి మొదట అన్న మాట:

"బాలయేసేంటి బావా, మా ఆఫీసు పీఆర్వోలా ఉన్నాడు? ఆ నుదురేంటి, ఆ చూపేంటి, ఎమిరేట్స్ ఐడీ అడిగేలా ఉన్నాడు."

షెడ్డులో అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, బావా బావమరుదుల మధ్య మాటలకు లెక్కేముంది. కానీ ఆవరణలో పాక వెనుక ఆ పలక నిలబెట్టి దీపాలు వెలిగించినప్పుడు, ఆ ఖర్జూరపు కాగితం అంతా ఒక్కసారి కదిలినట్టు వెలిగింది, క్యాంపుల నుంచి వచ్చిన మనవాళ్ళు దాని ముందు మాట్లాడటం మానేశారు, ఒక్కొక్కరే మోకరిల్లారు. ఎవరూ ఫోటో తీసుకోలేదని నాకు బాగా గుర్తు. నేను మాత్రం ఒకటి తీశాను, తీసి జగిత్యాలకు పంపించాను. కాసేపటికి ఫోను మోగింది.

"అన్నా, గిండ్ల ఆయనేడున్నడు?"

ఎడమ పక్క మూలన చూడమ్మా, మోకాళ్ళ మీద అన్నాను.

"ఆయనకు మీసముంటుండె గదన్నా."

నేను ఆమెకు పద్ధతి వివరించాను. అవును, నిలబడి, చెవి దగ్గర ఫోను పెట్టుకొని, భర్త సమాధి కూడా చూడని మనిషికి, పాత గుళ్ళలో దాతల ముఖాలు ఎందుకు అలా వేస్తారో వివరించాను. ఆమె మంచిదన్నా అని పెట్టేసింది.

ఆ పై సంవత్సరం జరిగినది నా కోపానికి అసలు పుట్టిల్లు. క్రిస్మస్‌కు ముందు అడ్వెంటు కాలంలో ఒక శనివారం బావ షెడ్డుకు పోతే, గోడకు ఆనించి నా ఫ్రేములో వేరే బొమ్మ ఉంది. నా మేనకోడలి చెయ్యి అని చూడగానే తెలిసింది. అబద్ధమెందుకు, చాలా గొప్పగా ఉంది. కుడి పక్క కిటికీ నుంచి వెలుగు పడుతోంది, మాత చీర మడతలు చేత్తో పట్టుకోవచ్చు, బాలుడు నిజంగా నెలల పిల్లవాడు, తొడల మీద గీతలతో సహా. నేల మీద పరిచిన పలకరాళ్ళు దూరం పోయేకొద్దీ సన్నబడుతూ పోయి, వెనుక ముసఫ్ఫా వీధి లాంటి వీధి, దాని వెనుక నీలం ఆకాశం. ముందు వైపు ముగ్గురు రాజులు. మొదటి రాజుకు మా బావ ముఖం, పుట్టుమచ్చతో సహా. రెండో రాజు మా తెలుగు సమూహం అధ్యక్షుడు. మూడో రాజు బావకు పనులిచ్చే పెద్ద కంపెనీ ముదీరు, అంటే మేనేజరు, ఆయన ఏనాడైనా మా గుడి గడప తొక్కాడో లేదో ఆ దేవుడికే తెలియాలి.

"ఏంటి బావా ఇది?"

"కొత్తది బావా. నీ కోడలే వేసింది. ఎలా ఉంది?"

"మరి పాతది?"

"దాని కిందే ఉందిగా. ఎక్కడికి పోయింది?"

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత మూలన ఉన్న, చెక్కను రాచే సాండింగ్ మిషను చూశాను, దాని కింద నేల మీద ఇంకా ఊడవని పొడి చూశాను, పొడిలో అక్కడక్కడ మెరుపు. భాయ్ మూడు బ్లాకులు తిరిగి తెచ్చిన ఆకాశం.

"ఆ మూలన మోకాళ్ళ మీద మనిషి ఉండాలి బావా."

"అక్కడ పలకరాళ్ళొచ్చాయి. లోతు కనబడాలంట. అయినా ఆ మూల ఎవడు చూస్తాడు బావా? ఫ్రేము నాది, పికప్పు నాది, కొత్త పలక ఎందుకు దండగ అని ఉన్నదాని మీదే వేయించా. యల్లా, టీ తాగుదాం రా."

మేనకోడలు అప్పుడే లోపలికి వచ్చింది, నా ముఖం చూసింది, వాళ్ళ నాన్న ముఖం చూసింది.

"నాన్నా, మామయ్యకు చెప్పానన్నావ్?"

ఆయన చెప్పలేదు. అది ఒప్పుకోడానికి కూడా ఆయనకు తీరిక లేదు, ఫోను వచ్చిందని బయటికి పోయాడు. పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది. నేను ఓదార్చలేదు. నా కోపానికి ఎదురుగా దొరికింది అదొక్కతే, అనకూడని మాటలన్నీ దాన్నే అన్నాను. నీ విద్యలో ముందు నిలబడ్డవాడే పెద్దవాడు, చూడు, మీ నాన్న చెయ్యి బాలయేసు కంటే పెద్దగా ఉంది, ముదీరు కిరీటం మాత తల కంటే ఎత్తుగా ఉంది, కంటికి ఎవడు దగ్గరుంటే వాడే గొప్పవాడని చెప్పే బొమ్మ దేవుడి ఇంట్లో ఎందుకు, అది ముసఫ్ఫాలో ప్రతి ఆఫీసులోనూ ఉన్న పద్ధతే గదా అన్నాను. అది కళ్ళు తుడుచుకొని, ఆ మూలన ఉన్నాయన ఎవరు మామయ్యా అంది. చెప్పాను. ఫోటో ఉంటే ఇవ్వు, గొల్లవాళ్ళలో ఒకడికి ఆయన ముఖం వేస్తాను, మీసంతో సహా, ఈ రాత్రికే వేస్తాను అంది.

వద్దన్నాను.

మా పద్ధతిలో ముఖాలు అలా వేయరు అన్నాను. మీ నాన్న పక్కన వాడికి చోటు వద్దన్నాను. అప్పుడు అది చాలా గొప్ప మాటలా అనిపించింది నాకు, చెప్పి షెడ్డు బయటికి నడిచి వచ్చాను.

ఆ క్రిస్మస్ ఆవరణ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. జనం గుంపులు గుంపులుగా వచ్చారు. అదిగో సార్ అంటున్నారు. సార్, కిరీటం అదిరింది. ఒంటె ఏది సార్, పార్కింగు దొరకలేదా? బావ నవ్వుతూ తన బొమ్మ పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నాడు, ముదీరుకు కేకు ముక్క అందిస్తున్నాడు. గంట సేపు లెక్కపెట్టాను, మోకాలు వంచినవాళ్ళు ఇద్దరే, వాళ్ళూ చెప్పు పట్టీ సర్దుకోడానికి. పసిబాలుడి వైపు ఎవరూ చూడలేదు. ప్రభువు పుట్టిన చోటికి వచ్చి మనుషులు తెలిసిన ముఖాల కోసం వెతుక్కుంటున్నారు! గొప్ప గొప్ప గురువుల దగ్గర నేర్చుకున్న ఆ వెలుగూ, ఆ లోతూ, ఆ మడతలూ అన్నీ కలిసి చేసింది చివరికి ఇదా, డబ్బున్నవాడికి అద్దం పట్టుకోవడమా అని గుడి గోడ వైపు తిరిగి నిలబడి పళ్ళు కొరికాను.

ఆ కోపంతోనే మొన్నటి దాకా బతికాను. బావ ఇంటికి పోవడం మానేశాను, చెల్లెలు రెండు పండుగలకు డబ్బాలో కూర పంపింది, డబ్బా కడిగి తిప్పి పంపాను, మేనకోడలు ఒక్కతే నన్ను చూడటానికి రావడం మానలేదు. మరుసటి సంవత్సరం సమూహం వాళ్ళు ఫ్లెక్సీ అచ్చు వేయించారు, దానితో బొమ్మలు వేసే గొడవే ఖలాస్. ఆ పలక ఇప్పుడు బావ షెడ్డులో కోత మిషను వెనుక అడ్డు తడికగా ఉందట, రాజుల ముఖాలు గోడ వైపు.

మ్యూజియంలో ఆ పేరు తెలియని దాత ముందు నిలబడి నేను ఇదంతా నములుతూ ఉంటే, మేనకోడలు నా మోచెయ్యి పట్టుకొని రెండు గదుల మధ్య గుమ్మం పక్కకు తీసుకుపోయింది. అక్కడ చిన్న పలక ఒకటి, మన పీట అంత. ఆకాశం బంగారమే. మాత పెద్దదే, బాలుడిది ఆ పెద్దతనమున్న ముఖమే, నీడలు లేవు. అడుగున బెత్తెడు మనిషి మోకాళ్ళ మీద ఉన్నాడు. అతనికి ముఖం ఉంది. తన ముఖం. వంకర ముక్కు, దవడ మీద గాటు, రెండు రోజులు గీయని గడ్డం. మనిషి చిన్నవాడే, ఉండవలసిన చోటే ఉన్నాడు, దేవుడి కంటే వెంట్రుకవాసి పెరగలేదు, కానీ వాడి పెళ్ళాం వచ్చి చూస్తే వీడే అంటుంది.

అక్కడి బల్ల మీద కూర్చున్నాను. అన్ని వందల ఏళ్ళ కిందట ఎవరో నాలాంటి ఉపవాసపు మనిషి, ఆ గదికీ ఈ గదికీ నడుమ కూర్చుని, రెండూ ఒకే పలక మీద పెట్టాడు. బంగారం తీసేయలేదు, ముఖం తుడిచేయలేదు. నాకు అది తోచలేదు. ముఖం కోసం వెతికిన వాళ్ళందరినీ ఒకే గాటన కట్టేశాను నేను. బావ వెతికింది తన ముఖం, మరదలు వెతికింది తన మనిషి ముఖం. మొదటిది గర్వం, రెండోది ప్రేమ, ఇంత చిన్న తేడా పట్టుకోలేని నేను ఎనిమిదేళ్ళు రంగులు నూరానట, ముప్పై ఏళ్ళు లేఖనాలు చదివానట. బావ ఆ బొమ్మను సాండింగ్ మిషనుతో చెరిపాడు. తమ్ముడి ముఖాన్ని అంతకు రెండేళ్ళ ముందే నేను కుంచెతో చెరిపాను, అదీ ఉపవాసం ఉండి మరీ.

పెద్ద పలకలు ఎత్తే బలం ఇప్పుడు లేదు. మేనకోడలు పీట అంత చెక్క ఒకటి కోయించి ఇచ్చింది, విమానంలో పెట్టెలో పడుతుంది. బంగారు కాగితం కోసం తిరిగాను, ఖర్జూరాలు ఇప్పుడు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తున్నాయి, చివరికి భాయ్‌కి ఫోను చేస్తే, ఇప్పుడు రువైస్‌లో ఉన్నాడు, సైటులో ఎవరో పంచిన చాక్లెట్ల కాగితాలు కవరులో పెట్టి పంపాడు, ఆకాశం నా బాకీ పెద్దాయనా అని. మాతనూ బాలుణ్ణీ పెద్దగా వేశాను, నీడ లేకుండా వేశాను. నిన్న ఉపవాసం ఉండి జగిత్యాలకు వీడియో కాల్ చేశాను.

ఆమె దగ్గర ఉన్నది పెళ్ళి ఫోటో, అందులో మీసం నూగు మీసం. నాకు తెలిసింది గదిలో ముఖం, ఇంటికి పోని చివరి మూడేళ్ళ ముఖం, అదీ ఇప్పుడు సరిగా జ్ఞాపకం రావడం లేదు, బస్సు మెట్టు మీద వేలు పెట్టి చూపించిన మీసం ఒక్కటే వస్తుంది. ఫోను రంగు డబ్బాకు ఆనించి పెట్టాను. నేను గీస్తుంటే ఆమె చూస్తూ, చెంపలు గంత లావు లేకుండెనన్నా అంటుంది, కనుబొమ్మ కలిసుంటుండె అంటుంది, నేను ఆ తరువాత చిక్కాడమ్మా అంటాను, గట్లనా అని ఊరుకుంటుంది. మా పెదనాన్న వంశంలో ముఖం వేశాక గుడ్డతో తుడిచినవాడు లేడు, నేను ఐదు సార్లు తుడిచాను. చివరికి ఆమె, కొసలు ఇంకింత పైకి తిప్పన్నా అంది. తిప్పాను. ఫోనులో వాళ్ళ ఇంటి ఫ్యాను చప్పుడు వినబడింది.

దేశంలో దిగాక మా ఇంటికి పోయే ముందు ఈ పలకతో జగిత్యాలకే పోతాను. క్యాంపులో మా గది ఇప్పుడు స్టోరు రూము, మెట్ల కింద ఏసీ పెట్టెలు పెట్టారు, ఆ గదిలో నాతో ఉన్నవాళ్ళలో మిగిలిన నలుగురూ నాలుగు దిక్కుల్లో ఉన్నారు. బోర్డులన్నీ మిషను రాస్తుంది, గుడి పాకలన్నీ మిషను అచ్చు వేస్తుంది, ఎవరి ముఖం కావాలంటే వారి ముఖం నిమిషంలో వస్తుంది. వేసేవాడు ఆ రోజు అన్నం తిన్నాడా అని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. బావ మీద కోపం పోలేదు, ప్రభువు క్షమించమన్నాడు గనుక రోజూ ప్రయత్నిస్తాను, రోజూ ఓడిపోతాను. తమ్ముడు మాత్రం పీట మీద ఎడమ మూలన మోకాళ్ళ మీద ఉన్నాడు, జానెడుకు మించలేదు. మీసం ఇంకా తడిగా ఉంది.